కొత్త స్టేషన్‌లో సిగ్నల్ గదులు: దక్షిణ తెలంగాణ మార్గాల నేపథ్యంలో ఒక పరిశీలన

జక్లేర్–కృష్ణ కొత్త రైలు మార్గాన్ని 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. 1997–98లో మంజూరైన మునీరాబాద్–మహబూబ్‌నగర్ పథకంలో భాగమైన ఈ 37 కిలోమీటర్ల ముక్కతో మక్తల్ ప్రాంతం రైలు మార్గం మీదికి వచ్చింది. దేవరకద్ర నుంచి కృష్ణ దాకా, అక్కడి నుంచి రాయచూరు వైపు నేరుగా దారి ఏర్పడింది. అదే ఏడాది ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ పనులను కూడా జాతికి అంకితం చేశారు. ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కూ, నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా సాగే 239 కిలోమీటర్ల గుంటూరు–బీబీనగర్ డబ్లింగ్‌కూ ఆమోదం తెలిపింది. ఈ పనులన్నింటిలోనూ జనం కంటికి ఆనేవి కట్టలు, వంతెనలు, ప్లాట్‌ఫాంలు, పైన వేలాడే కరెంటు తీగలు. స్టేషన్ మాస్టరు గదిని ఆనుకొని, ఎప్పుడూ తాళం వేసి ఉండే మూడు నాలుగు గదుల వరసను ప్రయాణికులు పట్టించుకోరు. ఒక రైలుకు పచ్చ దీపం ఇచ్చాక ఆ దారికి అడ్డువచ్చే ఇంకే రైలుకూ పచ్చ దీపం పడకుండా ఆపేది ఆ గదుల్లోని సామగ్రే.

ఆ గదులను సిద్ధం చేయడాన్ని భవన నిర్మాణం చివర్లో చేసే చిల్లర పనిగా లెక్కగట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఈ అలవాటు సరైనది కాదు. సిగ్నల్ వ్యవస్థకు గుండె వంటి కంప్యూటరు కర్మాగారంలో తయారై, పరీక్షలన్నీ దాటి వస్తుంది. అందులో తప్పు దొర్లే అవకాశం చాలా తక్కువ. తప్పు దొర్లే అవకాశమున్నదంతా స్టేషన్లోనే, మనుషుల చేతుల మీదుగా జరిగే పనిలోనే ఉంది: కేబుల్ గదిలోకి దూరే చోట, ఎర్తింగులో, వైరు చివర రాసే పేరులో, తలుపుకు వేసే తాళంలో. ఈ పనులన్నీ తీరికగా, వరస తప్పకుండా జరగాలంటే గది ముందుగా చేతికి రావాలి.

ఏ గదిలో ఏముంటుంది

ఒక సాధారణ కొత్త స్టేషన్లో స్టేషన్ మాస్టరు గదిలో కంప్యూటరు తెర గానీ, బటన్లున్న ప్యానల్ గానీ ఉంటుంది. యార్డు మొత్తం చిత్రం దాని మీద కనిపిస్తుంది. మాస్టరు దారిని ఎంచుకునేది అక్కడి నుంచే. పక్క గదిలో ఒక దారికి అడ్డువచ్చే మరో దారి పడకుండా ఆపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ కంప్యూటర్లు, రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్చులు) ఉండే ర్యాకులు, బయటి నుంచి వచ్చిన కేబుళ్లు ముగిసే ర్యాకులు, జరిగినదంతా నమోదు చేసే డేటా లాగర్, ఇరుసులను లెక్కపెట్టి లైను ఖాళీగా ఉందో లేదో తేల్చే యాక్సిల్ కౌంటర్ల లోపలి భాగం ఉంటాయి. విద్యుత్ సరఫరా పరికరాలకు ఒక గది, బ్యాటరీలకు వేరే గది, ఆప్టికల్ ఫైబర్, టెలిఫోన్ సామగ్రికి మరో గది, జనరేటరుకు భవనానికి కాస్త ఎడంగా ఒక షెడ్డు ఉంటాయి. యార్డు పొడవు ఎక్కువైతే రెండు చివరల గుమ్టీలనే చిన్న గదులు కట్టి, రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే అక్కడి పాయింట్లనూ సిగ్నళ్లనూ నడిపే ఉపకరణాలను వాటిలో పెట్టి, ప్రధాన గదితో ఫైబర్ ద్వారా కలుపుతారు. అలా కలిపేటప్పుడు రెండు ఫైబర్లు వేరువేరు దారుల్లో వేయాలి. రెండూ ఒకే కాలువలో పోతే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ తెగుతాయి.

ఇంటర్‌లాకింగ్ కంప్యూటర్లు ఒంటరిగా పనిచేయవు. రెండు ప్రాసెసర్లు ఒకే లెక్కను విడివిడిగా చేసి, జవాబులు కలిస్తేనే ఆదేశం బయటికి పంపుతాయి. అలాంటి జంట ఒకటి పనిలో ఉంటే మరొకటి సిద్ధంగా ఉంటుంది. మూడు ప్రాసెసర్లలో రెండింటి మాట చెల్లే పద్ధతి కూడా ఉంది. భద్రత పరంగా వీటికి సిల్–4 అనే అత్యున్నత స్థాయి ధ్రువీకరణ అవసరం. అయినా బయటి పాయింటు మోటారును, సిగ్నల్ దీపాన్ని కంప్యూటరు నేరుగా ముట్టుకోదు. మధ్యలో 24 వోల్టుల డీసీతో పనిచేసే క్యూ సిరీస్ రిలేలు ఉంటాయి. చుట్టలో కరెంటు ఆగిపోతే రిలే లోపలి ఆర్మేచరు తన బరువుకు తానే కింద పడుతుంది, పడితే సిగ్నల్ ఎరుపులోకి వెళ్తుంది. కలిసే కాంటాక్టుల్లో ఒకవైపు లోహం, ఒకవైపు కార్బన్ ఉండటం వల్ల అవి కాలి అతుక్కుపోవు. ఒక రకం రిలే పెట్టాల్సిన చోట మరో రకం పెట్టబోతే లోపలికి దిగకుండా పిన్నుల అమరిక అడ్డుకుంటుంది. ఇన్ని జాగ్రత్తలున్న పరికరాన్ని కూడా ఓడించగలిగేది వైరింగులోని తప్పు ఒక్కటే. వైరు వెళ్లాల్సిన చోటికి కాక పక్క టెర్మినల్‌కు వెళ్తే రిలే తన పని తాను సక్రమంగానే చేస్తుంది, ఫలితం మాత్రం వేరే పరికరానికి చేరుతుంది.

గది చేతికి రావడం అంటే

సివిల్ విభాగం నుంచి సిగ్నల్ విభాగం గదిని స్వాధీనం చేసుకునే రోజు ఈ పని మొత్తానికీ కీలకమైన రోజు. గోడలు లేచి, కప్పు పడి, రంగులు వేశాక గది సిద్ధమైనట్టు కనిపిస్తుంది. కానీ సిగ్నల్ పనికి అది చాలదు. నేల మట్టం పరిసరాల కంటే ఎత్తుగా ఉండి వాన నీళ్లు చేరకూడదు. కప్పు మీద గానీ పక్క గోడలో గానీ నీళ్ల పైపు పోకూడదు. తలుపు ర్యాకు పట్టేంత వెడల్పుండాలి. కేబుళ్లు లోపలికి వచ్చే కాలువ గోడ కింద ముందే వదిలి ఉండాలి. ర్యాకుల ముందూ వెనకా మనిషి నిలబడి రెండు చేతులా పనిచేసే జాగా మిగలాలి. బ్యాటరీ గదికి ఆమ్లాన్ని తట్టుకునే టైల్సు, గాలిని బయటికి తోసే ఫ్యాను కావాలి. వీటిలో ఏ ఒక్కటి మరిచిపోయినా తరువాత గోడ పగలగొట్టాల్సిందే. గోడ పగిలితే లేచే దుమ్ము కంప్యూటరు కార్డుల మీద పడుతుంది.

పని వరసకు కారణం ఈ దుమ్మే. ముందు ఎర్తింగు, నేల, కాలువలు, రంగులు; ఆ తరువాత కేబుల్ ట్రేలు, ర్యాకులు; ఆ తరువాత కేబుళ్ల కొసలు లోపలికి తీసి ముగించడం, రిలే వైరింగు; ఆపైన విద్యుత్ సరఫరా, బ్యాటరీలు; ఏసీలు పనిచేస్తూ గది శుభ్రంగా ఉన్నప్పుడే చివరగా ఇంటర్‌లాకింగ్ కంప్యూటర్లు. గది ఆలస్యంగా చేతికొచ్చి, ప్రారంభ తేదీ మాత్రం కదలకుండా ఉన్నప్పుడు ఈ వరస తలకిందులవుతుంది. ఒకవైపు టైల్సు అతికిస్తుంటే మరోవైపు వైరింగు సాగుతుంది. రాత్రింబవళ్లు పనిచేసి తేదీని అందుకోవచ్చు గానీ, అలసిన కళ్లతో చూసిన వైరు వరసలను మళ్లీ సరిచూసే వ్యవధి మిగలదు. ఆలస్యమంతా సివిల్ పనిలో జరిగి, దాని మూల్యం మాత్రం సిగ్నల్ పనిలో చెల్లించవలసి రావడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న సమస్య. స్వాధీనం తేదీని ప్రారంభ తేదీతో ముడిపెట్టి, మొదటిది వెనక్కి జరిగితే రెండోది కూడా అంతే వెనక్కి జరగాలన్న నియమం పెట్టుకుంటే తప్ప ఇది తీరదు.

నేల, రాయి, ఎర్తింగు

మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నేల స్వభావం సిగ్నల్ గదుల ఎర్తింగును నేరుగా ప్రభావితం చేస్తుంది. ఇక్కడ చాలాచోట్ల పైన పలచటి ఎర్రని చెలక నేల, కింద గ్రానైటు. రెండు మూడడుగులు తవ్వేసరికి పరుపుబండ తగిలే చోట్లు తక్కువేమీ కావు. కృష్ణా నది వైపు మక్తల్, కృష్ణ ప్రాంతాలకు వెళ్లేసరికి నల్లరేగడి ఎక్కువవుతుంది. అది వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, ఎలక్ట్రోడు చుట్టూ పగులు పడితే మట్టికీ లోహానికీ మధ్య సంబంధం సడలుతుంది.

ఎలక్ట్రానిక్ సిగ్నల్ సామగ్రికి ఎర్తు నిరోధం ఒక ఓమ్‌కు మించరాదన్నది రైల్వే ప్రమాణం. గది చుట్టూ మూడు మీటర్ల పొడవున్న రాగి పూత ఉక్కు కడ్డీలను దింపి, వాటిని రాగి పట్టీతో వలయంగా కలిపి, అతుకులను బోల్టులతో కాక ఉష్ణ వెల్డింగుతో శాశ్వతంగా బిగించి, గది లోపలి ప్రధాన ఎర్తు పట్టీకి కలుపుతారు. ర్యాకులు, కేబుళ్ల కవచాలు, పిడుగు నిరోధకాలు అన్నీ ఆ పట్టీతోనే కలవాలి. ఒక పరికరానికి ఒక ఎర్తు, ఇంకో పరికరానికి వేరే ఎర్తు ఉంటే పిడుగు పడిన క్షణంలో రెండింటి మధ్య ఏర్పడే వోల్టేజీ తేడాయే కార్డులను కాల్చేస్తుంది. బండ నేలలో ఒక్క గుంతతో ఒక ఓమ్ సాధ్యం కాదు. డ్రిల్లింగు చేసి, కడ్డీ చుట్టూ వాహక మిశ్రమం నింపి, తగినంత ఎడంతో కడ్డీల సంఖ్య పెంచుకుంటూ పోవాలి. స్థలం ప్రహరీ గోడ దాకా ఉందా, లేక ప్లాట్‌ఫాం అడ్డం వస్తుందా అన్నది భవనం నక్షా గీసేటప్పుడే చూసుకోవాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉంది. ఎర్తు కొలత ఏ నెలలో తీశారన్నది కొలతంత ముఖ్యం. ఆగస్టులో నేల తడిగా ఉన్నప్పుడు తీసిన కొలత పత్రం మీద చక్కగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అదే నేల ఎండి నిరోధం పెరుగుతుంది. ఈ జిల్లాల్లో ఉరుములు, పిడుగులతో కూడిన అకాల వర్షాలు కురిసేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. రక్షణ అవసరమైన కాలమే రక్షణ బలహీనంగా ఉండే కాలం కూడా. అందువల్ల ఒక వేసవి కొలత లేనిదే ఎర్తింగు పూర్తయినట్టు సంతకం చేయకపోవడం మేలు.

కరెంటు, బ్యాటరీలు, ఎండ

విద్యుదీకరించిన మార్గాల్లో సిగ్నళ్లకు కరెంటు పైనున్న 25 కిలోవోల్టుల తీగ నుంచి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా దిగుతుంది. దానికి తోడు దక్షిణ డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) ఇచ్చే స్థానిక సరఫరా, చివరి ఆసరాగా జనరేటరు ఉంటాయి. ఇవన్నీ వచ్చి చేరేది సమగ్ర విద్యుత్ సరఫరా వ్యవస్థకు. సిగ్నల్ సిబ్బంది దీన్ని ఐపీఎస్ అంటారు. రెండేసి వోల్టుల సెల్సు 55 వరసగా కలిపిన 110 వోల్టుల బ్యాటరీ వరస దీనికి వెన్నెముక. దాని నుంచి ఇన్వర్టర్ల ద్వారా సిగ్నల్ దీపాలకు 110 వోల్టుల ఏసీ, నేరుగా పాయింటు మోటార్లకు 110 వోల్టుల డీసీ, కన్వర్టర్ల ద్వారా రిలేలకు 24 వోల్టుల డీసీ వెళ్తాయి. గది లోపలి రిలేలకూ, కేబుల్ ద్వారా బయటి దాకా వెళ్లే రిలే సర్క్యూట్లకూ 24 వోల్టుల సరఫరాలు వేరువేరుగా ఉంటాయి. యార్డులో ఏదో ఒక కేబుల్ తడిసి ఎర్తుకు కరెంటు కారితే ఆ దోషం గది లోపలి తర్క సర్క్యూట్లలోకి పాకకుండా చేసిన ఏర్పాటు ఇది. బయటి సర్క్యూట్లలో ధన, రుణ తీగలు రెండింటినీ కాంటాక్టుల ద్వారా తెంపడం, ఎర్తు కారుతున్నదని ముందే హెచ్చరించే సాధనం పెట్టడం కూడా ఈ జాగ్రత్తలో భాగాలే.

బయటి కరెంటు పూర్తిగా పోతే బ్యాటరీ సగం ఖాళీ కాగానే జనరేటరు వేయమని స్టేషన్ మాస్టరు గదిలో హెచ్చరిక మోగుతుంది. 60 శాతం ఖాళీ అయితే అత్యవసర హెచ్చరిక వస్తుంది. 70 శాతం దాటితే సిగ్నళ్లకు సరఫరా ఆగిపోతుంది. అంటే బ్యాటరీ ఆరోగ్యం తగ్గితే ఈ మెట్ల మధ్య వ్యవధి తగ్గిపోతుంది, మాస్టరు జనరేటరు దాకా మనిషిని పంపేలోపే తరువాతి హెచ్చరిక వచ్చేస్తుంది.

నల్లగొండ, మిర్యాలగూడ ప్రాంతాల్లో మే నెలలో 44 డిగ్రీలు నమోదు కావడం అరుదు కాదు. సీలు వేసిన బ్యాటరీల ఆయువు, అవి పనిచేయాల్సిన ఉష్ణోగ్రత కన్నా పది డిగ్రీలు పెరిగితే సుమారు సగానికి పడిపోతుంది. తక్కువ నిర్వహణతో నడిచే ద్రవ ఆమ్లపు బ్యాటరీలు ఎండను కొంత ఎక్కువగా ఓర్చుకుంటాయి గానీ, చార్జింగు ఎక్కువైనప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. అందుకే గాలి ఆడే గది, నిప్పురవ్వ పుట్టని స్విచ్చులు. ఆ సెల్సులో నీళ్లు తగ్గితే స్వేదన జలమే పోయాలి. ఫ్లోరైడుతో, లవణాలతో పేరుపడ్డ నల్లగొండ బోరు నీళ్లు ఒక్కసారి పోసినా పలకలు పాడవుతాయి కాబట్టి, స్వేదన జలం నిల్వకు బ్యాటరీ గదిలోనే ఒక అర ఉండాలి. పడమటి ఎండ పడే గోడ వైపు బ్యాటరీ గది రాకుండా నక్షాలో మార్చుకోవడం ఖర్చులేని పని. ఇంటర్‌లాకింగ్ గదికి రెండు ఏసీలు పెట్టి, అవి వంతులవారీగా నడిచేలా టైమరు అమర్చి, రెండూ ఆగితే హెచ్చరిక వచ్చేలా చూడటం ఇక్కడి వేసవికి తప్పనిసరి.

బ్యాటరీలను ముందుగా కొనిపెట్టడం కూడా నష్టమే. గది సిద్ధం కాక గోదాములో నెలల తరబడి చార్జింగు లేకుండా పడి ఉన్న బ్యాటరీ పలకలు పొరకట్టి, మొదటి రోజు నుంచే సామర్థ్యం తగ్గి ఉంటాయి. గది ఆలస్యానికి ఇది కూడా ఒక మూల్యం. దీని లెక్క ఎవరి ఖాతాలోనూ కనిపించదు.

వైరు చివర రాసిన పేరు

బయటి నుంచి వచ్చిన ప్రతి కేబుల్‌ను ముగించే ముందు ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్‌తో పరీక్షిస్తారు. కిలోమీటరుకు 5 మెగాఓమ్‌ల కన్నా తక్కువ ఇన్సులేషన్ ఉంటే ఆ కేబుల్ పనికిరాదు. గదిలోకి కేబుళ్లు దూరే పైపుల నోళ్లను పూర్తిగా పూడ్చాలి. పొలాల మధ్య కట్టిన స్టేషన్లలో ఎలుకలు, వాటి వెంట పాములు రావడం మామూలు. కొరికిన వైరు తెగిపోతే సిగ్నల్ ఎర్రబడి రైలు ఆగుతుంది, అది నయం. కొరికిన రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే ఏమవుతుందో ముందుగా చెప్పలేము.

ఆపైన వచ్చేది ఈ పనిలో అతి విసుగు పుట్టించే భాగం, అతి ముఖ్యమైన భాగం కూడా. కేబుల్ లోపలి ప్రతి తీగ (కోరు) ఏ టెర్మినల్‌లో ముగుస్తుందో, అక్కడి నుంచి ఏ రిలేలోని ఏ కాంటాక్టుకు వెళ్తుందో నక్షాలో ఉంటుంది. నక్షాలో ఉన్నదీ, ర్యాకులో ఉన్నదీ, టెర్మినల్ మీద రాసి ఉన్నదీ మూడూ ఒకటి కావాలి. వీటిలో ఏ రెండింటి మధ్య తేడా వచ్చినా ఆ రోజు ఏమీ జరగదు. ఏళ్ల తరువాత ఎవరో మరమ్మతుకు వచ్చి, రాతను నమ్మి వైరు విప్పినప్పుడు జరుగుతుంది.

2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ జిల్లా బహానగా బజార్ స్టేషన్ దగ్గర జరిగినది ఇదే. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనులో నేరుగా పోవడానికి పచ్చ సిగ్నల్ ఉంది. పాయింటు మాత్రం పక్కనున్న లూప్ లైను వైపు ఉంది. బండి లూప్ లైనులో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది, 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. స్టేషన్ ఉత్తరం వైపు గుమ్టీలో గతంలో చేసిన సర్క్యూటు మార్పులోనూ, లెవల్ క్రాసింగు గేటు మార్చే పనిలో భాగంగా చేసిన సిగ్నల్ పనిలోనూ లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. టెర్మినళ్ల మీది రాతలు అసలు వైరింగుతో సరిపోలడం లేదన్న సంగతీ ఆ విచారణలో బయటపడింది. ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ తనకు అందిన సమాచారం ప్రకారం సరిగ్గానే నడుచుకుంది. ఆ సమాచారం తెచ్చే వైర్లే తప్పు చోట ఉన్నాయి. కొత్త స్టేషన్లో రాతలు సరిచూడటానికి పట్టే రోజులను కోత పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే ఈ నివేదిక చదవాలి.

ఆ దుర్ఘటన తరువాత రిలే గదులకూ గుమ్టీలకూ జంట తాళాల ఏర్పాటు పక్కాగా ఉండాలని దేశవ్యాప్తంగా ఆదేశాలు వెళ్లాయి. ఒక తాళంచెవి స్టేషన్ మాస్టరు దగ్గర, రెండోది సిగ్నల్ సిబ్బంది దగ్గర ఉంటాయి. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది, తెరిచిన ప్రతిసారీ రిజిస్టరులో కారణం రాయాలి. ఏదైనా పరికరాన్ని పని నుంచి తప్పించే ముందు టీ/351 అనే డిస్‌కనెక్షన్ పత్రం మాస్టరుకు ఇచ్చి, పని పూర్తయి పరీక్షించాకే తిరిగి కలిపినట్టు రాయాలి. కొత్త స్టేషన్లో ఈ తాళాలు ప్రారంభం రోజున కాదు, వైరింగు సరిచూడటం పూర్తయిన మరుక్షణం నుంచి పడాలి. సరిచూసిన గదిలోకి రంగులు వేసేవారో, ఫ్యాన్లు బిగించేవారో మళ్లీ యథేచ్ఛగా వెళ్తుంటే సరిచూసినదానికి విలువ ఉండదు.

అగ్ని ప్రమాదం గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2015 జూన్ 17న మధ్యప్రదేశ్‌లోని ఇటార్సీ జంక్షన్‌లో రిలే ఇంటర్‌లాకింగ్ క్యాబిన్ మంటల్లో కాలిపోయింది. ఉత్తర దక్షిణాలను కలిపే ఆ కూడలిలో వందలాది రైళ్లు రద్దయ్యాయి, కొత్త వ్యవస్థ సిద్ధం కావడానికి నెలకు పైగా పట్టింది. పొగను పసిగట్టే సాధనాలు, మంట వ్యాపించని రకం వైర్లు, గది నుంచి గదికి కేబుళ్లు పోయే కంతలను మంట ఆపే పదార్థంతో మూయడం నక్షా దశలోనే రాసుకోవలసినవి.

పరీక్షలూ, రైళ్ల రద్దు ప్రకటనలూ

'నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా ఈ కింది రైళ్లు రద్దు' అన్న ప్రకటనలు పత్రికలు చదివేవారందరికీ పరిచయమే. డబ్లింగు జరుగుతున్న పాత స్టేషన్లలో పాత వ్యవస్థను తెంపి కొత్తదాన్ని కలిపే ఆ కొద్ది రోజుల్లో పాయింట్లను చేతితో తిప్పి, తాళం బిగించి, కాగితపు అనుమతులతో రైళ్లను నడపాలి. ఆ రోజులు ఎంత తక్కువైతే ప్రయాణికులకూ సిబ్బందికీ అంత మంచిది. తగ్గించే మార్గం ఆ రోజుల్లో వేగంగా పనిచేయడం కాదు, అంతకు ముందే గదిలో అన్ని పరీక్షలూ ముగించడం.

పాయింట్లు, సిగ్నళ్ల బదులు స్విచ్చులూ చిన్న దీపాలూ ఉన్న సిమ్యులేషన్ ప్యానల్‌ను ఇంటర్‌లాకింగుకు కలిపి, ఏ దారికి ఏ షరతులో రాసి ఉండే నియంత్రణ పట్టికలోని ప్రతి దారినీ ఒక్కొక్కటిగా వేసి చూస్తారు. ఆ దారి పడిందా లేదా అన్నది సులభమైన ప్రశ్న. ఆ దారి వేసి ఉండగా దానికి విరుద్ధమైన ప్రతి దారినీ వేయబోయి, ప్రతిసారీ నిరాకరణ వచ్చిందని నిర్ధారించుకోవడం అసలు పరీక్ష. నాలుగైదు లైన్ల చిన్న స్టేషన్లో కూడా ఇలాంటి జంటలు వందల్లోకి పోతాయి. కేబుళ్లు నిజంగా కలిపాక, యార్డులో ఒకరు నిలబడి ఏ పాయింటు ఎటు తిరిగిందో, ఏ సిగ్నల్ ఏ రంగు చూపిందో చెబుతుంటే, తెర మీద కనిపించేదానితో ఒక్కొక్కటీ పోల్చుతారు. కొత్త లైనైతే పౌర విమానయాన మంత్రిత్వ శాఖ కింద పనిచేసే రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి చూసి అనుమతించాకే ప్రయాణికుల రైళ్లు నడుస్తాయి. రైల్వే నుంచి వేరుగా ఉన్న సంస్థకు ఈ అధికారం ఇవ్వడం మంచి సంప్రదాయం.

ఇక రాబోయేవి

మొదట కట్టిన రోజుకు సరిపోయిన గది, పదేళ్లకు ఇరుకవుతున్నది. స్వదేశీ రైలు రక్షణ వ్యవస్థ కవచ్ దక్షిణ మధ్య రైల్వేలోనే ముందుగా 1,465 కిలోమీటర్ల మేర ఏర్పాటైంది. తొలినాళ్లలో దాన్ని తయారుచేసిన మూడు సంస్థలూ హైదరాబాద్ కేంద్రంగా పనిచేసేవే. సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణనిచ్చే ఇరిసెట్ కూడా 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. కవచ్ వచ్చిన ప్రతి స్టేషన్ గదికి అదనంగా ఒక ర్యాకు, రిలేల నుంచి సిగ్నళ్ల స్థితిని తీసుకునే కొత్త వైరింగు, విద్యుత్ సరఫరాలో అదనపు భారం వచ్చి చేరతాయి. బయట 40 మీటర్ల రేడియో టవర్ లేస్తుంది. పరుపుబండ మీద లేచిన అంత ఎత్తు టవరు పిడుగుకు మొదటి లక్ష్యం, దాని కేబుళ్లు నేరుగా గదిలోకే వస్తాయి. ఇప్పుడు గీసే నక్షాల్లో రెండు ర్యాకుల ఖాళీ స్థలం, ప్రతి కేబుల్‌లో కొన్ని ఖాళీ కోర్లు, టవరు ఎర్తుకు జాగా లేకపోతే అది కేవలం పొదుపు కోసం చేసిన తప్పవుతుంది.

గుంటూరు–బీబీనగర్ మార్గంలో ఎక్కువ భాగం ఒంటి లైనుకు తగ్గట్టు కట్టిన స్టేషన్లే. రెండో లైను వచ్చేసరికి పాత గదిని పొడిగించాలా, పక్కన కొత్త గది కట్టాలా అన్నది ప్రతి స్టేషన్లోనూ తేల్చుకోవలసిన ప్రశ్న. పొడిగింపు చవక. అయితే పాత సామగ్రి రైళ్లను నడుపుతుండగానే, అదే గదిలో, అవే టెర్మినళ్ల పక్కన కొత్త వైరింగు చేయాలి. బహానగాలో కీడు పుట్టింది నడుస్తున్న సర్క్యూట్ల మీద చేసిన మార్పుల్లోనే అని మరువరాదు. కొత్త గదిని పక్కన కట్టుకుంటే పాతదాన్ని ముట్టుకోకుండా మొత్తం వైరింగు, పరీక్షలు ముగించి, చివరి కొద్ది రోజుల్లో కేబుళ్లను మాత్రం మార్చవచ్చు. స్థలం దొరికే చోటల్లా రెండో పద్ధతే సరైనది. పని ముగిశాక చేసిన మార్పులన్నింటితో తిరగరాసిన నక్షాలు గదిలో ఒక ప్రతి, డివిజన్ కార్యాలయంలో ఒక ప్రతి చేరేవరకు గుత్తేదారుకు చివరి బిల్లు చెల్లించకుండా ఆపడం కూడా ఒప్పందంలోనే రాయవచ్చు. రెండో లైను మట్టి పని మొదలయ్యే నాటికే ఈ గదుల స్థలాలు గుర్తించి, పునాదులు తవ్వేటప్పుడే ఎర్తు వలయం కూడా వేసేస్తే, సామగ్రి రాకముందే కనీసం ఒక మే నెల కొలత చేతిలో ఉంటుంది.